ఇవాళ రాలిన వెంట్రుక మూడు నెలల కిందటి కథ చెబుతుంది

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు. మోచేతులు, మోకాళ్లు, మెడ వెనుక భాగం, మాడు మీద విపరీతమైన దురదతో చిన్న చిన్న నీటిపొక్కులు మూడేళ్లపాటు వస్తూ పోతూ ఉండేవి. ఎనిమిది నెలల కిందట చర్మం ముక్క తీసి పరీక్షించి, ఇది డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అనీ, దీని వెనుక ఉన్నది సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీ, రైలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి వల్ల రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగును దెబ్బతీసే జబ్బు) అనీ తేల్చారు. ఆ రోజు నుంచి గ్లూటెన్ ఉన్న ఆహారం పూర్తిగా మానేశాను, డాప్సోన్ మాత్రలు వేసుకుంటున్నాను. ఏది తినాలన్నా భయం వేసి మొదటి రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గిపోయాను. ఇప్పుడు ఒంటి మీద పొక్కులు లేవు గానీ, అయిదు నెలలుగా జుట్టు గుప్పెళ్లకొద్దీ ఊడుతోంది. నెల కిందట కుడి చెవి వెనుక నాణెమంత మేర రెండు చోట్ల జుట్టు పూర్తిగా పోయి నున్నగా అయింది. రక్తపరీక్షలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపే కొలత) 9 వచ్చింది. ఐరన్ మాత్రలు కడుపులో మంట పుట్టించడంతో మూడు వారాలకే ఆపేశాను. జుట్టు కోసమని బయోటిన్ అనే బి విటమిన్ మాత్రం వదలకుండా వాడుతున్నాను. రాలిన వెంట్రుకలను రోజూ లెక్కపెట్టి, ఒక కవరులో దాచి, తేదీ వేస్తున్నాను. వ్యాధి ముదిరి ఉన్నప్పుడు రాలని జుట్టు పథ్యం మొదలుపెట్టాక రాలడం ఏమిటి? పథ్యం నాకు పడలేదా? డాప్సోన్ ఆపేయాలా? షాంపూలో గ్లూటెన్ ఉంటే అది కారణమవుతుందా? మా తొమ్మిదేళ్ల పాప "నాకూ ఇలాగే ఊడిపోతుందా అమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు జవాబు మీరు వేసుకున్న తేదీలలోనే ఉంది. ఎనిమిది నెలల కిందట పథ్యం మొదలుపెట్టారు, ఆ తరువాతి రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గారు, అయిదు నెలల కిందట జుట్టు రాలడం మొదలైంది. పథ్యం మొదలైన మూడో నెలకు జుట్టు రాలింది కాబట్టి పథ్యమే రాల్చిందని మీరు అనుకోవడం సహజం. అయితే వెంట్రుకకు తనదైన లెక్క ఒకటుంది, అది ఎప్పుడూ శరీరం కంటే రెండు మూడు నెలలు వెనకబడి నడుస్తుంది. ఆ లెక్క అర్థమైతే మీ భయంలో సగం తగ్గుతుందని నా నమ్మకం, అందుకే ముందుగా దాన్నే కొంచెం వివరంగా చెబుతాను.

మన మాడు మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. వాటిలో దాదాపు 85 నుంచి 90 శాతం ఏ రోజు చూసినా పెరిగే దశలోనే ఉంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లపాటు పెరిగి, రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆపుకొని, ఆ తరువాత సుమారు మూడు నెలలు కుదురులోనే ఊరికే నిలిచి ఉండి, చివరకు రాలిపోతుంది. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం ఆరోగ్యవంతులందరిలోనూ జరిగేదే. శరీరానికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, అంటే తీవ్రమైన జ్వరం, కాన్పు, శస్త్రచికిత్స, ఉన్నట్టుండి బరువు తగ్గడం, ఐరన్ నిల్వలు అడుగంటడం వంటివి జరిగినప్పుడు, ఇంకా ఏళ్లపాటు పెరగవలసిన వెంట్రుకలు కూడా పెద్దసంఖ్యలో ఒకేసారి పెరుగుదల ఆపేసి విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. అవి వెంటనే రాలవు. రెండు మూడు నెలలు కుదుళ్లలో నిలిచి, ఆ తరువాత అన్నీ కలిసికట్టుగా దువ్వెనలోకి వస్తాయి. 1961లో అమెరికా చర్మవ్యాధి నిపుణుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ ఈ స్థితిని వివరించి, టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టాడు.

మీ విషయంలో రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చిన్నపేగు మొదటి భాగం, అంటే ఆహారంలోని ఐరన్‌ను ప్రధానంగా పీల్చుకునే చోటు, సీలియాక్ వ్యాధిలో అన్నిటికంటే ముందుగా దెబ్బతింటుంది. పొక్కులు వస్తున్న ఆ మూడేళ్లూ, బహుశా అంతకుముందు కూడా, మీ ఒంట్లో ఐరన్ నిల్వలు కొద్దికొద్దిగా ఖర్చవుతూ వచ్చి ఉంటాయి. చర్మం మీద ఈ పొక్కులున్న చాలామందికి కడుపులో ఏ ఇబ్బందీ కనిపించదు కాబట్టి పేగు సంగతి ఎవరి దృష్టికీ రాదు. ఆ అడుగంటిన నిల్వల మీద రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గడం వచ్చి పడింది. వెంట్రుకలను విశ్రాంతి దశలోకి నెట్టింది గ్లూటెన్ లేకపోవడం కాదు. గ్లూటెన్ భయంతో మీరు తగినంత తినకపోవడం. ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే మొదటిదే కారణమని నమ్మితే పథ్యం వదిలేస్తారు. రెండోది కారణమని తెలిస్తే పథ్యంలోనే ఉండి కడుపునిండా, మాంసకృత్తులు సరిపడా ఉండేలా తింటారు. సీలియాక్ వ్యాధి గురించి తెలిసిన పోషకాహార నిపుణుల సలహా తీసుకోవడం ఇతరులకు అదనపు జాగ్రత్త కావచ్చు, మీకు మాత్రం అది చికిత్సలో భాగం.

ఒక పని చేసి చూడండి. రేపు రాలిన వెంట్రుకల్లో ఒకదాన్ని తెల్లవారి వెలుతురులో కిటికీ దగ్గర నల్లటి గుడ్డ మీద పెట్టి, దాని మొదలు పరిశీలనగా చూడండి. చివర అగ్గిపుల్ల తలలా చిన్న తెల్లటి ఉబ్బు కనిపిస్తుంది. దాన్ని చూసి వేరుతో సహా ఊడి వచ్చేసింది, ఇక అక్కడ మొలవదు అని చాలామంది బెంగపడతారు. అది వేరు కాదు. విశ్రాంతి దశ పూర్తయిన ప్రతి వెంట్రుకకూ అలాంటి మొదలే ఉంటుంది. వెంట్రుకను పుట్టించే కుదురు మాడులోనే భద్రంగా ఉండి, చాలాసార్లు అప్పటికే కొత్త వెంట్రుకను పైకి నెట్టడం మొదలుపెట్టి ఉంటుంది. ఈ రకంగా రాలిన జుట్టు, కారణం సరిదిద్దితే తిరిగి వస్తుంది.

ఇక ఐరన్. ఫెరిటిన్ 9 అంటే నిల్వలు దాదాపు లేనట్టే. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన విషయం, మీరు ఐరన్ ఆపేసి బయోటిన్ కొనసాగించడం. కడుపులో మంట పుట్టినప్పుడు మాత్ర మానేయడమొక్కటే దారి కాదు. రోజు విడిచి రోజు వేసుకోవడం, మరో రకం ఐరన్‌కు మారడం, మోతాదు తగ్గించి ఎక్కువకాలం వాడటం వంటి మార్గాలున్నాయి. నిల్వలు తక్కువగా ఉన్న స్త్రీలలో రోజు విడిచి రోజు వేసుకున్న మాత్ర నుంచి ఐరన్ మరింత మెరుగ్గా ఒంటబడుతుందని పరిశోధనల్లో తేలింది కూడా. టీ, కాఫీ, కాల్షియం మాత్రలు ఐరన్ దగ్గరికి రాకుండా కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి. పేగు పొర ఇంకా పూర్తిగా మానకపోవడం వల్ల మాత్రలు ఎంత క్రమంగా వేసుకున్నా ఫెరిటిన్ పెరగకపోతే, నరం ద్వారా ఐరన్ ఎక్కించే పద్ధతి ఉంది. ఏది మీకు తగినదో మీ వైద్యులు నిర్ణయిస్తారు, కానీ మాత్రలు ఆపేసిన సంగతి వారికి మీరు చెప్పాలి. ఉత్తరంలో ఎక్కడా చెప్పినట్టు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. ఫెరిటిన్‌తోపాటు బి12, ఫోలేట్, విటమిన్ డి, జింక్ కూడా ఒకసారి చూడాలి. థైరాయిడ్ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి, ఎందుకంటే రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేసే వ్యాధులు సీలియాక్ ఉన్నవారిలో ఇతరులకంటే ఎక్కువగా కనిపిస్తాయి, థైరాయిడ్ లోపం దానంతట అదే జుట్టును పలచబరుస్తుంది.

ఆ థైరాయిడ్ పరీక్ష కోసమైనా బయోటిన్ గురించి జాగ్రత్త పడాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. వాటిలో థైరాయిడ్ హార్మోన్ల పరీక్షలు, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఉన్నాయి. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరిక జారీ చేసింది. అసలైన బయోటిన్ లోపం చాలా అరుదు, అది లేనివారికి బయోటిన్ వల్ల జుట్టు వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. మానేయమనే నా సలహా. కనీసం పరీక్షకు కొన్ని రోజుల ముందు ఆపి, వాడుతున్నట్టు పరీక్ష రాసిన వైద్యులకు చెప్పండి. జుట్టు కోసమని అమ్మే కలగలుపు మాత్రల జోలికి అసలే వెళ్లకండి. విటమిన్ ఎ, సెలీనియం మితిమీరితే అవే జుట్టు రాలుస్తాయి.

చెవి వెనుక నున్నబడిన రెండు మచ్చల కథ వేరు. తల అంతటా పలచబడటం ఒక రకం, నాణెమంత మేర పూర్తిగా ఊడటం ఇంకో రకం. మీకు రెండూ ఒకే కాలంలో రావడంతో రెండూ ఒకటేనని అనిపిస్తోంది. మీరు వర్ణించినదాన్ని మన ఇళ్లలో పేనుకొరుకుడు అంటారు, వైద్యులు అలోపేషియా ఏరియేటా అంటారు. పేరులో పేను ఉన్నా పేలతో దీనికి ఏ సంబంధమూ లేదు, అశుభ్రతతోనూ లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. రోగనిరోధక వ్యవస్థ వెంట్రుకల కుదుళ్లను శత్రువులుగా పొరబడి చుట్టుముట్టడం వల్ల ఇది వస్తుంది. సీలియాక్ కూడా అదే కుటుంబానికి చెందిన వ్యాధి. అక్కడ దాడి పేగు మీద, ఇక్కడ కుదురు మీద. ఈ రెండింటికీ సంబంధం ఉందని 1995లో ఇటలీ వైద్యులు ప్రచురించిన తరువాత, పేనుకొరుకుడు ఉన్నవారిలో బయటపడని సీలియాక్ కోసం వెతకడం పెరిగింది.

గ్లూటెన్ మానితే పేనుకొరుకుడు కూడా తగ్గుతుందా అని మీరు తప్పక అడుగుతారు. కొందరిలో పథ్యం తరువాత జుట్టు తిరిగి వచ్చింది, కొందరిలో రాలేదు. ఇది చికిత్స లేకుండానే కొన్ని నెలల్లో తగ్గిపోయే గుణమున్న వ్యాధి కాబట్టి, వచ్చిన జుట్టు పథ్యం వల్లనే వచ్చిందని కచ్చితంగా చెప్పడం కష్టం. కాబట్టి పథ్యాన్ని మీ పేగు కోసం, చర్మం కోసం చేయండి, ఈ మచ్చలకు విడిగా చికిత్స తీసుకోండి. ఒకటి రెండు చిన్న మచ్చలకు సాధారణంగా పూత మందులు గానీ, నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి మచ్చలోకి సన్నని సూదితో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు గానీ వాడతారు. 2022లో అమెరికాలో అనుమతి పొందిన బారిసిటినిబ్ వంటి కొత్త మాత్రలు తీవ్రంగా, విస్తారంగా ఊడినవారికి ఉద్దేశించినవి. రెండు మచ్చలకు వాటి అవసరం రాదు. మచ్చ అంచున చిన్న చిన్న వెంట్రుకలు పైన లావుగా, మాడు దగ్గర సన్నగా కనిపిస్తే వ్యాధి ఇంకా చురుకుగా ఉందని గుర్తు. గోళ్ల మీద గుండుసూదితో గుచ్చినట్టు చిన్న గుంటలు పడ్డాయేమో కూడా చూసి వైద్యులకు చెప్పండి. కొత్తగా మొలిచేటప్పుడు మొదట తెల్ల వెంట్రుకలు రావచ్చు, వాటిని చూసి కంగారుపడకండి, చాలావరకు తరువాత రంగు తిరుగుతుంది. ఒకసారి తగ్గినా మళ్లీ రావచ్చన్నది కూడా ముందే తెలిసి ఉండటం మంచిది.

అయితే ఉత్తరం చదివి మచ్చను నిర్ధారించడం సరైన పని కాదు. అక్కడ పొలుసులు, చీము, ఎరుపు ఉంటే ఫంగస్ కావచ్చు. వెంట్రుక రంధ్రాలు కూడా కనిపించకుండా చర్మం మెరుస్తూ బిగుసుకున్నట్టుంటే, కుదుళ్లు శాశ్వతంగా పోయే వేరే జబ్బు కావచ్చు, దానికి ఆలస్యం పనికిరాదు. వైద్యులు చేతి భూతద్దంతో చూస్తే చాలావరకు అక్కడికక్కడే తేలుతుంది.

మాడు మీద దురద సంగతి మీరు ఒక్క మాటలో వదిలేశారు, నాకు అది అంత చిన్నదిగా అనిపించలేదు. డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్‌లో ఒంటి మీద పొక్కులు కంటికి కనిపిస్తాయి గానీ, జుట్టు మధ్యలో వచ్చినవి నిద్రలో గోకడంతోనే చిట్లిపోయి, ఉదయానికి చిన్న చెక్కులు మాత్రమే మిగులుతాయి. చాలామంది వాటిని చుండ్రు అనుకొని ఘాటైన షాంపూలతో రుద్దుతారు. గోకిన చోట వెంట్రుకలు మధ్యకు విరుగుతాయి, గోళ్ల గాయాలకు చీము పడితే జుట్టు మరింత పోతుంది. తలలో ఇంకా చెక్కులు తగులుతుంటే, మొదట చూసిన చర్మవ్యాధి నిపుణులకే తల కూడా చూపించండి. అప్పటిదాకా గోళ్లు కురచగా కత్తిరించుకోండి, దురద వేసినప్పుడు గోకకుండా చల్లటి తడిగుడ్డ అద్దండి.

డాప్సోన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. దాని ముఖ్యమైన దుష్ప్రభావాలలో జుట్టు రాలడం లేదు. అది ఎర్ర రక్తకణాలను కొంత విరగ్గొడుతుంది, అందుకే మొదలుపెట్టే ముందు జి6పిడి (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) పరీక్ష, ఆ తరువాత క్రమం తప్పకుండా రక్తకణాల లెక్క అవసరం. అలసట, ఆయాసం, పెదవులు నీలబడటం, జ్వరంతో గొంతునొప్పి వంటివి కనిపిస్తే వెంటనే వైద్యులను కలవాలి. ఈ మందు దురదను రోజుల్లోనే తగ్గిస్తుంది, పేగును మాత్రం బాగుచేయదు. పేగును బాగుచేసేది పథ్యమొక్కటే, అదీ చర్మం మీద పూర్తి ఫలితం చూపడానికి చాలా నెలలు, కొందరిలో రెండేళ్ల దాకా పడుతుంది. పథ్యం నిలదొక్కుకున్న కొద్దీ మోతాదు తగ్గించుకుంటూ రావడం వైద్యుల పని. అందువల్ల ప్రస్తుతం పొక్కులు లేకపోవడం చూసి పథ్యం పనిచేసిందనీ, జుట్టు రాలడం చూసి పథ్యం పనిచేయలేదనీ తీర్పు చెప్పవద్దు. మీ రక్తంలో టీటీజీ యాంటీబాడీలు (సీలియాక్‌లో రోగనిరోధక వ్యవస్థ తయారుచేసేవి) మొదట్లో ఎక్కువగా ఉండి ఉంటే, ఇప్పుడు ఎంతకు దిగాయో చూడటం ఈ రెండింటికంటే నమ్మదగిన కొలత.

షాంపూ ప్రశ్నకు జవాబు చిన్నదే. గ్లూటెన్ పేగులోకి వెళితేనే ఈ వ్యాధిని రెచ్చగొడుతుంది, మామూలు చర్మం గుండా లోపలికి వెళ్లదు. నోట్లోకి పోయే అవకాశమున్న పెదవి రంగులు, దంతమంజనం వంటివి గ్లూటెన్ లేనివి చూసుకుంటే చాలు. ఆ శ్రద్ధంతా మీరు మింగే మాత్రల మీద పెట్టండి, కొన్ని మాత్రలలో కలిపే పిండిపదార్థం గోధుమ నుంచి తీసినదై ఉండవచ్చు. ఆహారంలో గోధుమ, బార్లీ, రై అని పేర్లు కనిపించే చోట మీరు ఎలాగూ జాగ్రత్తపడుతున్నారు, మాల్ట్ అన్న పేరుతో బార్లీ దాగి వస్తుందన్నది గుర్తుంచుకోండి. గ్లూటెన్ రహితం అని రాసుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణం కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది.

ఆ కవరు గురించి కూడా చెప్పాలి. మొదటి నెలలో మీరు లెక్కపెట్టినది ఉపయోగపడింది, ఆ తేదీల వల్లనే కారణం చెప్పగలిగాను. ఇప్పుడు ఆ లెక్క మీకు ఏమీ కొత్తగా చెప్పదు, మూడు నెలల కిందటి దెబ్బనే రోజూ మళ్లీ చూపిస్తుంది. రాలుతుందన్న భయంతో తలస్నానం వాయిదా వేస్తే, నాలుగు రోజులవి ఒకేసారి వచ్చి లెక్క ఇంకా భయపెడుతుంది. కాబట్టి లెక్క ఆపి, నెలకొకసారి ఒకే చోట, ఒకే వెలుతురులో, పాపిడి తీసి ఫోటో తీయించుకోండి. మామూలుగా తల కడుక్కోండి, దువ్వుకోండి. ఊడేవి కుదురు వదిలేసినవే, దువ్వెన కొత్తగా దేనినీ పీకదు. బిగుతైన జడ, వేడి పరికరాలు కొంతకాలం పక్కన పెట్టండి. జుట్టు పలచన కనిపించకుండా చేసే పొడులు, కురచ కత్తిరింపు, విగ్గు, తలకట్టు ఏది మీకు నచ్చితే అది వాడుకోండి. వాటిలో సిగ్గుపడవలసినది గానీ, వ్యాధికి లొంగిపోవడం గానీ ఏమీ లేదు. నిద్ర పట్టక, నలుగురిలోకి వెళ్లలేక ఇల్లు కదలని రోజులు పెరుగుతుంటే ఆ మాట కూడా వైద్యులతో అనండి. జుట్టు పోయిన దుఃఖం ప్రాణాంతకం కాని చిన్న విషయమని ఎవరైనా తోసిపుచ్చితే, వారి మాట పట్టించుకోవద్దు.

పాప అడిగినదానికి నిజమే చెప్పండి. అమ్మ జుట్టు ఊడటానికి కారణం తెలిసింది, మందు వాడుతున్నాను, నీకు అలా రావాలని ఏమీ లేదు అని చెబితే తొమ్మిదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. అయితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలలో సీలియాక్ వచ్చే అవకాశం మామూలు జనాభా కంటే చాలా ఎక్కువ కాబట్టి, పాపకు ఏ లక్షణమూ లేకపోయినా ఒకసారి రక్తపరీక్ష చేయించండి. అందరికీ ఒకే వంట సులువని పరీక్షకు ముందే పాపకు కూడా గ్లూటెన్ మాన్పించకండి. మానిన తరువాత చేస్తే వ్యాధి ఉన్నా పరీక్షలో కనిపించకపోవచ్చు. ఇప్పటికే మాన్పించి ఉంటే ఆ సంగతి పిల్లల వైద్యులకు చెప్పి, వారు ఎలా చెబితే అలా చేయండి.

ఇక ఎప్పటికి వస్తుందన్నది. బరువు నిలకడగా ఉండి, ఐరన్ నిల్వలు తిరిగి నిండితే రాలడం తగ్గడానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది కాబట్టి ఒత్తుదనం కంటికి ఆనడానికి ఏడాది దాకా, పాత పొడవుకు రావడానికి అంతకంటే ఎక్కువకాలం పడుతుంది. అయితే మొదటి కబురు అంత ఆలస్యంగా రాదు. రాలడం ఇంకా పూర్తిగా ఆగకముందే, నుదుటి దగ్గర, పాపిడి వెంట తెల్ల కాగితం ఒకటి వెనుక పెట్టి చూడండి. ఒకటి రెండు సెంటీమీటర్ల పొట్టి వెంట్రుకలు నిటారుగా లేచి కనిపిస్తాయి. వాటి కొనలు చూడాలి: మొద్దుగా, తెగినట్టుంటే అవి విరిగిన పాతవి; సన్నగా మొనదేరి ఉంటే అవి కుదుళ్ల నుంచి కొత్తగా మొలిచినవి. వచ్చే నెల ఫోటో తీయించుకునేటప్పుడు ఆ కాగితం కూడా దగ్గర పెట్టుకోండి.